ట్రంక్ లైన్లో ఒక మొహం

బొమ్మ తీగ మీద నడిచొస్తుందంటే
మొదట నేను నమ్మలేదు.
సినిమా బోర్డులు రాసుకునేవాణ్ణి,
నెలకు నూట ఇరవైకి
గాంధీనగర్లో పత్రికాఫీసు మేడెక్కాను, రిటచింగు పనికి.

అదొక డబ్బా. లోపల అప్పడాల కర్రంత డ్రమ్ము.
మద్రాసు లైను కలిస్తే చాలు
కీచురాయి గొంతుతో కూత.
కూత తగ్గితే నలుపు, పెరిగితే తెలుపు
అనేవాడు ఆపరేటరు డేనియేలు.
ఫిల్ము కడగకముందే బొమ్మను చెవితో చూసేసేవాడు.
గీత పక్కన గీత,
మంగళగిరి మగ్గం మీద పోగు పక్కన పోగు పడ్డట్టు,
పది నిమిషాలకు అరచేయంత యుద్ధం.

డెబ్బై ఒకటి డిసెంబరు.
కిటికీలకు నల్ల కాగితాలు, లారీల కళ్లకు సగం తారు.
రాత్రిళ్లు స్టేషన్లోంచి
టార్పాలిన్లు కప్పుకున్న పొడుగు ముక్కుల బళ్లు
కలకత్తా వైపు పోయేవి.
ఏలూరు కాలవ ఒక్కటే దీపం ఆర్పడానికి ఒప్పుకోలేదు,
ఎక్కడిదో ఒక చుక్కను పట్టుకుని మెరుస్తూనే ఉండేది.

ఆ రాత్రి వచ్చిందొక సిపాయి బొమ్మ.
తలకు కట్టు. కట్టు మీద మరక కూడా వచ్చింది.
నుదురు వచ్చింది.
కళ్ల దగ్గరికొచ్చేసరికి
గుంటూరు పట్నంబజారు నుంచి ఎవరో షావుకారు
లైన్లోకి దూరాడు.
“హలో, హలో, తాలు కాయ ఎంతకి పోయిందీ?
వినపడ్డంలా, గట్టిగా చెప్పు!”
ఆయన ఎంత అరిస్తే అంత తెలుపు.
అగ్గిపుల్ల మందాన, చెవి నుంచి చెవి దాకా,
కళ్లుండాల్సిన చోట మిర్చి ధర.
ఆ తర్వాత ముక్కు వచ్చింది, మీసం వచ్చింది,
ఏమీ జరగనట్టు.

మళ్లీ పంపమందామంటే లైను లేదు.
బ్లాకు మేకరు యాసిడు తొట్టి పక్కన
జింకు రేకు పట్టుకుని నిలబడ్డాడు.
సబ్ ఎడిటరు బుచ్చికోటయ్యగారు వాచీ చూసుకుని,
“బోర్డులు రాసినోడివేగా, రెండు కళ్లు పెట్టలేవూ?” అన్నారు.

ఎవరి కళ్లు పెట్టను?
హీరో కళ్లు వచ్చు నాకు, ఆరడుగుల వెడల్పున.
విలన్‌వీ వచ్చు.
ఇవి ఆవగింజంత.
టార్చి నోట కరుచుకుని
చేతులు కడుక్కునే తొట్టి పైన పగిలిన అద్దంలో చూసుకున్నాను.
మూడు రాత్రుల నిద్ర లేదు. కింద వాపు,
కుడిది కొంచెం చిన్నది.
సన్న కుంచెతో అవే దించేశాను.
తెల్లారి ఊరంతా నా కళ్లను చూసి అయ్యో అంది.

రెండో రోజు మధ్యాహ్నం ఒకామె వచ్చింది,
దుగ్గిరాల పసుపు కొట్లలో కూలి, నాంచారమ్మ.
పేపరు నాలుగు మడతలు, మడత మడతకీ పసుపు.
“ఉత్తరం రాక నెల దాటింది.
మావోడికి మీసం లేదు, పెంచాడేమో.
కళ్లు మాత్రం ఆడియ్యే.”
కోటయ్యగారు కాగితాలు తిరగేశారు,
పేరు రాలేదమ్మా అన్నారు, ఢిల్లీకి రాస్తామన్నారు.
కుంచె వీపు వెనక దాచుకుని
చెబుదామని నోరు తెరిచాను.

ఆమె తలెత్తింది.
నన్ను చూసింది. పేపరు చూసింది.
మళ్లీ నన్ను, చాలాసేపు.
ఏమీ అడగలేదు. పాత మడతల మీదే పేపరు మడిచి,
“నిద్రపోయి ఎన్నాళ్లయింది నాయనా” అంది.

ఆ కొడుకు సంగతి నాకు తెలీదు.
కనుక్కోలేకపోయానంటే అబద్ధం,
కనుక్కోలేదు.

యుద్ధం పదమూడు రోజుల్లో అయిపోయింది.
ఆ తర్వాత లైను చెడిన చోటల్లా
తెల్లగీతను తెల్లగానే వదిలేశాను.
రెండుసార్లు జీతం కోశారు.
“పోనీలేరా, అందులో ఎవడో మాట్లాడుకుంటున్నాడు”
అనేవాడు డేనియేలు.

ఇప్పటికీ బీసెంట్ రోడ్డులో
ఎవరైనా ఫోను చెవికి నొక్కుకుని
హలో, హలో అని గట్టిగా అరిస్తే
ఆగి చుట్టూ చూస్తాను,
ఎవరి మొహం మీద పడుతోందోనని.